అమెరికాలో మీ భర్త ఉద్యోగం పోయింది, మీ హెచ్‌-4 (ఆయన మీద ఆధారపడిన వీసా) ఇంటర్వ్యూ ముందుంది: ఇవి చూసుకోండి

హన్మకొండ, కాజీపేట నుంచి హైదరాబాద్ కాన్సులేట్‌కు బయల్దేరే ముందు:

– ఉద్యోగం పోయిన సంగతి దాచొద్దు. పాత పే స్లిప్పులు చూపి "పనిచేస్తున్నారు" అంటే అది తప్పుడు సమాచారం. జీవితాంతం అమెరికా వీసాకు అనర్హత పడొచ్చు. "ఏం కాదు, చెప్పకండి" అని ఏజెంటు అన్నా వినకండి. ఫారం మీద సంతకం మీది, ఏజెంటుది కాదు.

– గడువు లెక్కేయండి. పని ముగిశాక ఆయన అమెరికాలో ఉండగలిగేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (అక్కడ ఉండేందుకు ఇచ్చిన గడువు చూపే రికార్డు) ముందే ముగిస్తే అంతవరకే. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ (ఆయన్ను తీసుకునేందుకు వేసే దరఖాస్తు) అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. ఆఫర్ లెటర్ ఒక్కటే చాలదు.

– "ఒకసారి ఇంటికి వచ్చిపోతా" అని ఆయన అంటే ఆపండి. దేశం దాటితే మిగిలిన రోజులు పోయినట్టే.

– కొత్త పిటిషన్ ఆమోదం రాకుంటే ఇంటర్వ్యూ వాయిదా వేసుకోండి. మీ వీసా ఆయన హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) మీదే ఆధారపడుతుంది. వీసా ఫీజు రసీదు, ఫీజు కట్టిన రోజు నుంచి 365 రోజులు చెల్లుతుంది, తేదీ చూసుకోండి.

– కొత్త ఐ-797 (పిటిషన్ ఆమోద పత్రం) వచ్చాక డీఎస్‌-160 (ఆన్‌లైన్ వీసా ఫారం) మళ్లీ నింపండి. ఏఏతో మొదలయ్యే ఆ కొత్త నంబరే అపాయింట్‌మెంట్‌లోనూ ఉండాలి. తేడా ఉంటే తిప్పి పంపొచ్చు.

– మీ ఉద్యోగానికి రాజీనామా వీసా స్టాంపు పడ్డాకే.