బొగ్గు గని తుది మూసివేత ధ్రువపత్రం: దరఖాస్తు విధానం

బొగ్గు గనిలో తవ్వకం ఆగిపోయినంత మాత్రాన ఆ గని మూతపడినట్టు కాదు. తవ్విన నేలను పూడ్చి, చదును చేసి, చెట్లు పెంచి, గని నోళ్లను కట్టివేసి, ఆ పనులన్నీ ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారమే జరిగాయని కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ కింద పనిచేసే కోల్ కంట్రోలర్ ధ్రువీకరించిన తర్వాతే ఆ భూమిని రాష్ట్ర ప్రభుత్వానికి తిరిగి అప్పగించే వీలు కలుగుతుంది. ఈ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయవలసింది గని యజమాని. కొత్తగూడెం, ఇల్లందు, రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి ప్రాంతాలలో ఆ బాధ్యత ప్రధానంగా సింగరేణి కాలరీస్ కంపెనీది. అయితే గని అంచున బతికే గ్రామాలవారికి కూడా ఈ విధానం తెలిసి ఉండాలి, ఎందుకంటే చివరకు ఆ నేల, ఆ నీరు మిగిలేది వారికే.

ఈ దరఖాస్తు గని చివరి దశలో మొదలయ్యేది కాదు. 2009 ఆగస్టులో బొగ్గు మంత్రిత్వ శాఖ జారీ చేసిన మార్గదర్శకాల నుంచి ప్రతి బొగ్గు గనికీ తవ్వకం ప్రణాళికతో పాటు మూసివేత ప్రణాళిక కూడా ఉండి తీరాలి. ఆ మార్గదర్శకాలను 2013లోనూ ఆ తర్వాతా సవరించారు, 2025లో కొత్తవి వచ్చాయి. కాబట్టి దరఖాస్తుదారు ముందుగా తన గని ప్రణాళికను ఏ మార్గదర్శకాల కింద ఆమోదించారో చూసుకోవాలి. ప్రణాళికలో రెండు భాగాలుంటాయి. తవ్వకం సాగుతుండగానే చేయవలసిన పనులు దశలవారీ మూసివేత కిందికి, తవ్వకం ముగిశాక చేయవలసినవి తుది మూసివేత కిందికి వస్తాయి.

ప్రణాళికకు డబ్బు తోడుగా ఉండాలి. యజమాని, బ్యాంకు, కోల్ కంట్రోలర్ ముగ్గురూ ఒప్పందం చేసుకుని ఎస్క్రో ఖాతా, అంటే షరతులు తీరితేనే సొమ్ము బయటికి వచ్చే ప్రత్యేక ఖాతా, తెరుస్తారు. ఏటా అందులో సొమ్ము జమ చేయవలసింది యజమాని, దానిపై హక్కు కోల్ కంట్రోలర్‌ది. 2009లో ఈ మొత్తాన్ని ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచే తవ్వే) గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలుగా, భూగర్భ గనికి లక్ష రూపాయలుగా నిర్ణయించారు. తర్వాత 2019 ఏప్రిల్ ధరల ఆధారంగా వాటిని 9 లక్షలకు, లక్షన్నరకు పెంచారు. ఆ లెక్కన 500 హెక్టార్ల ఓపెన్‌కాస్ట్ గనికి మూల మొత్తం 45 కోట్లు అవుతుంది. దాన్ని గని ఆయుష్షుతో భాగించి, వచ్చిన మొత్తాన్ని ఏటా 5 శాతం చొప్పున పెంచుతూ జమ చేయాలి. గని ఆయుష్షు 25 ఏళ్లయితే మొదటి ఏడాది వాయిదా కోటి 80 లక్షలు. కంపెనీ చేతులెత్తేసినా పని ఆగకూడదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. అందుకే ఖాతా నిల్వ ఎంతుందన్నది స్థానికులు సమాచార హక్కు కింద తప్పక అడగవలసిన మొదటి ప్రశ్న అని నా అభిప్రాయం.

గని నడుస్తున్నంత కాలం యజమాని చేసిన రక్షణ, పునరుద్ధరణ పనులపై ఏటా కోల్ కంట్రోలర్‌కు నివేదిక పంపాలి. ఐదేళ్లకోసారి దశలవారీ పనులను ప్రభుత్వం గుర్తించిన సంస్థ పరిశీలిస్తుంది. గనుల ప్రణాళికా సంస్థ సీఎంపీడీఐ, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, ధన్‌బాద్‌లోని ఐఐటీ (ఐఎస్ఎం) వంటివి అలాంటి సంస్థలు. వాటి నివేదికను జతచేసి, ఖర్చుల వివరాలతో దరఖాస్తు పెడితే, అప్పటివరకు జమైన దానిలో నిర్ణీత భాగాన్ని యజమానికి తిరిగి ఇస్తారు. చివరి దరఖాస్తుకు బలం చేకూర్చేవి ఈ ఐదేళ్ల నివేదికలే. తవ్వకానికి ముందు తీసిన పైమట్టిని విడిగా నిల్వ చేశారా, ఓబీ (బొగ్గు పొరపై నుంచి తీసిపోసిన మట్టి, రాళ్లు) గుట్టల వాలును నిర్దేశించిన మేరకు, సాధారణంగా 28 డిగ్రీలకు మించకుండా, సరిచేశారా, గుట్టల చుట్టూ కాలువలు తీశారా, గుట్టలపై నాటిన మొక్కలు బతికాయా అన్నవి ఏ ఏడాదికి ఆ ఏడాది నమోదు కావాలి. పైమట్టి ఒకసారి ఓబీలో కలిసిపోయాక దాన్ని ఏ దరఖాస్తూ వెనక్కి తేలేదు.

తుది మూసివేత ప్రణాళికను, సవరించిన ఖర్చుల అంచనాలను, ఎస్క్రో ఖాతా వివరాలను, గని మూసివేయదలచిన తేదీకి కనీసం ఐదేళ్ల ముందే ఆమోదానికి సమర్పించాలని 2009 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. మిగిలిపోయే పెద్ద గొయ్యిని ఏం చేస్తారన్నది ఇక్కడే తేలాలి. దాన్ని పూడుస్తారా, చెరువుగా ఉంచుతారా, వేరే అవసరానికి వాడతారా అన్నది స్పష్టంగా రాయాలి. రామగుండం దగ్గరి మేడిపల్లి ఓపెన్‌కాస్ట్‌లో పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి ఎత్తి నిల్వ చేసి, కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన అలాంటి ఆలోచనే. గొయ్యిని నీటి వనరుగా ఉంచదలిస్తే లోతు, నీటి నాణ్యత, గట్ల స్థిరత్వం, కంచె, మనుషులూ పశువులూ దిగడానికి సురక్షితమైన దారి వంటి వివరాలన్నీ పటాలతో సహా ఉండాలి. దీనిపై గ్రామసభలో చర్చించి, ఆ తీర్మానాన్ని దస్త్రంలో చేర్చడం మేలు. మూసివేతలో స్థానికుల భాగస్వామ్యం కోసం బొగ్గు మంత్రిత్వ శాఖ 2025 జులైలో ‘రీక్లెయిమ్’ అనే విధాన పత్రాన్ని కూడా విడుదల చేసింది.

తవ్వకం నిలిపివేసే ముందు గనుల భద్రతా విభాగమైన డీజీఎంఎస్‌కు కారణాలతో, ప్రభావితమయ్యే కార్మికుల సంఖ్యతో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. భూగర్భ గని అయితే ఇంక్లైన్ల (వాలుగా దిగే సొరంగాల) నోళ్లను, షాఫ్టులను (నిలువు బావులను) మూసివేసి, తవ్విన మేరకు ఖచ్చితమైన పటాలను అప్పగించాలి. పర్యావరణ అనుమతిలోని షరతులు కూడా తీరాలి. తవ్వకం ముగిశాక గని ప్రాంతంలో తిరిగి గడ్డి, పశుగ్రాసం, మొక్కలు పెరిగేలా చేయాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఆదేశించిన తర్వాత ఆ షరతును అనుమతులలో చేర్చారు.

పనులన్నీ పూర్తయ్యాక యజమాని, చట్టాలు, నిబంధనలు, కోర్టు ఉత్తర్వులు అన్నింటినీ పాటించానని సంతకం చేసిన ప్రకటనతో, గుర్తింపు పొందిన సంస్థ నివేదికతో కోల్ కంట్రోలర్‌కు దరఖాస్తు చేస్తాడు. కోల్ కంట్రోలర్‌కు కొత్తగూడెంలో క్షేత్ర కార్యాలయం ఉంది. తనిఖీలో అంతా సరిగా ఉన్నట్టు తేలితే ధ్రువపత్రం ఇచ్చి, ఖాతాలో మిగిలిన సొమ్మును విడుదల చేస్తారు. పనులు జరగలేదని, జరగవని నమ్మడానికి తగిన కారణం ఉంటే నోటీసు ఇచ్చి ఆ సొమ్మును స్వాధీనం చేసుకునే అధికారం కోల్ కంట్రోలర్‌కు ఉంది. ఈ ధ్రువపత్రం తేలిగ్గా దొరికేది కాదు. దేశంలో తొలిసారిగా 2025లో మధ్యప్రదేశ్‌లోని పాథాఖేడా ప్రాంతపు భూగర్భ గనులకు అది దక్కింది.

భూమిని అప్పగించేటప్పుడు అటవీ భూమి అటవీ శాఖకు, మిగిలినది రెవెన్యూ శాఖకు చేరుతుంది. భూగర్భ తవ్వకాలు జరిగిన చోట వాటి సరిహద్దులు చూపే పటం ప్రతిని గ్రామ పంచాయతీకి కూడా ఇవ్వాలని సర్పంచులు ముందుగానే లిఖితపూర్వకంగా కోరాలి. కింద తవ్వేసిన నేలపై ఇళ్లకు అనుమతి ఇవ్వకుండా ఉండటానికి పంచాయతీ దగ్గర ఉండే ఆధారం ఆ పటమే.