పాత కారు హెడ్‌లైట్లు గుడ్డిగా ఉన్నాయా? బల్బు కొనే ముందు లైటు వెలుగుతుండగా వోల్టు మీటరు పెట్టండి

మారుతి 800, జెన్, ఓమ్ని, శాంత్రో, ఇండికా. ఈ వయసు బండ్లు నడిపేవాళ్లు హన్మకొండలో షాపుకొచ్చి అడిగేది ఒకటే: "అన్నా, రాత్రి రోడ్డు కనబడత లేదు, మంచి ఎల్ఈడీ ఒకటి వేయి." అడగడంలో తప్పేమీ లేదు. పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్తే వీధి దీపం ఉండదు. కోతల రోజుల్లో నర్సంపేట రోడ్డు మీద సగం వరకు వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ పత్తి వేసుకుని ఎనుమాముల మార్కెట్ దారి పడుతుంది. వీటిని ముందే చూపించలేని లైటుతో బండి నడపకూడదు.

అయితే చాలా బండ్లలో తప్పు బల్బుది కాదు. రెండు మూడు వేలు పెట్టి కొత్త బల్బులు వేయించుకున్నాక కూడా "అంతే ఉందన్నా" అంటూ వస్తారు. బల్బు దగ్గర వోల్టేజీ చూశారా అని అడిగితే "చూసినం, పన్నెండు వస్తున్నది" అంటారు. ఆ పన్నెండులోనే ఉంది అసలు మోసం. దాని సంగతి వివరంగా చెప్తాను. అంతకన్నా ముందు, చేత్తో తేలిపోయే పనులు.

వెలుతురు ఉంది, కానీ రోడ్డు మీద లేదు

కారణం ఫోకస్. లైటు చెట్ల మీదికో, బంపర్ ముందు నాలుగు అడుగులకో పడుతుంటుంది. స్టీరింగ్ దగ్గర లెవెల్ నాబ్ ఉన్న కార్లలో మొదట అది చూడండి. ఎప్పుడో ఎవరో 3 మీద పెట్టి వదిలేస్తే లైటు కిందికి దిగిపోయి ఉంటుంది. దాన్ని 0 మీదికి తిప్పితే చాలాసార్లు సగం ఫిర్యాదు అక్కడే పోతుంది.

తర్వాత గోడ పరీక్ష. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగా ఉంచి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చుని, గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. ల్యాంపు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తులో టేపు అంటించండి. లో బీమ్ పై అంచు ఆ టేపుకు సుమారు 10 సెంటీమీటర్ల కింద ఉండాలి. మనం ఎడమ వైపు నడిపేవాళ్లం కాబట్టి వెలుతురు అంచు కుడి వైపు సమంగా ఉండి, ఎడమ వైపు పైకి లేవాలి. తేడా ఉంటే ల్యాంపు వెనక స్క్రూలు తిప్పి సరిచేయండి. అంచే కనబడకుండా వెలుతురు ముద్దలా పడుతుంటే బల్బు సరిగ్గా కూర్చోలేదు. హెచ్4 బల్బుకు (హై, లో ఫిలమెంట్లు రెండూ ఒకే బల్బులో ఉండేది) మూడు చెవులుంటాయి, మూడూ గాట్లలో కూర్చున్నాకే స్ప్రింగ్ క్లిప్ వేయాలి. తొందరలో వంకరగా నొక్కేసిన బల్బులు ఎన్ని తీశానో లెక్క లేదు.

ల్యాంపు పసుపు పట్టింది, లేదా లోపల మసకగా ఉంది

పాత 800, అంబాసిడర్ లాంటి వాటికి గాజు. కడిగి తుడిస్తే సరి. ప్లాస్టిక్ లెన్స్ ఎండకు పసుపెక్కితే నీళ్లు పోస్తూ 800, 1500, 2000 నంబర్ పేపర్లతో వరుసగా రుద్ది, పాలిష్ పట్టి, పైన యూవీ క్లియర్ కోట్ కొట్టాలి. ఈ కోటు లేకపోతే మళ్లీ తొందరగానే పసుపవుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా కొన్నాళ్ల ముచ్చటే. మసక లోపలి అద్దానిదైతే, అంటే రిఫ్లెక్టర్ వెండి పూత పోతే, గుడ్డ పెట్టి తుడవకండి. మిగిలిన పూత కూడా గుడ్డకే వస్తుంది. ల్యాంపు మార్చడమే దారి. ముందు అద్దం లోపలి వైపు పట్టిన జిడ్డు కూడా ఒకసారి తుడిచి చూడండి, ఎదురు బండి లైటుకు అది పొగలా కమ్మేస్తుంది.

రెండు లైట్లూ పసుపుగా, నీరసంగా, ఏ బల్బు వేసినా అంతే

పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్స్‌కు, అక్కడి నుంచి స్టీరింగ్ పక్కన కాంబినేషన్ స్విచ్‌కు, మళ్లీ వెనక్కి ఇంజిన్ వైపు సన్నటి వైర్లలో తిరిగి బల్బుకు చేరుతుంది. మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, ఉండదు. మామూలు హెచ్4 బల్బు హై బీమ్‌లో 60 వాట్లు, లో బీమ్‌లో 55. ఒక్కోటి 5 ఆంపియర్ల దాకా లాగుతుంది, రెండూ కలిపి 10. ఇరవై ఏళ్లుగా ఈ కరెంటు మోసిన స్విచ్ పాయింట్లు నల్లబడతాయి, కనెక్టర్ పిన్నులు వదులవుతాయి, ఎర్త్ బోల్టు కింద తుప్పు పడుతుంది. దారిలో అంతా కలిపి 0.1 ఓమ్ అడ్డం పడినా 10 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోతుంది.

ఒక్క వోల్టే కదా అనుకోవద్దు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా తగ్గుతుంది. ఈ బల్బు వెలుతురును లెక్కగట్టేది 13.2 వోల్టుల దగ్గర: హై బీమ్‌లో సుమారు 1650 ల్యూమెన్లు, లో బీమ్‌లో 1000. అదే బల్బుకు 11.5 వోల్టులే అందితే మూడో వంతుకు పైగా వెలుతురు గాల్లో కలిసినట్టే. ఫిలమెంట్ చాలినంత వేడెక్కదు కాబట్టి రంగు కూడా పసుపుకు తిరుగుతుంది. తెల్లటి బల్బు కొనాలనిపించేది అందుకే.

ఇప్పుడు ఆ "పన్నెండు వస్తున్నది" సంగతి. హోల్డర్‌ను బల్బు నుంచి ఊడబీకి, ఖాళీ పిన్నులకు మీటరు పెడితే 12.6 చూపిస్తుంది. వైరింగ్ బాగుందని సంతకం పెట్టేస్తారు. కానీ మీటరు కరెంటు దాదాపు లాగదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా, స్విచ్ పాయింటు సూది మొనంత తగిలినా మీటరుకు పూర్తి వోల్టేజీ కనబడుతుంది. బావి దగ్గర స్టార్టర్ డబ్బా చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: మోటారు ఆపి ఉన్నప్పుడు ముల్లు నాలుగు వందల మీద ఉంటుంది, ఆన్ చేయగానే పడిపోతుంది. బల్బు కూడా లోడే, అంటే కరెంటు లాగేదే. లోడ్ ఉన్నప్పుడు కొలవని వోల్టేజీ దేనికీ పనికిరాదు. అనుభవమున్న మెకానిక్‌లు కూడా ఇక్కడే జారతారు, ఆ తర్వాత ఆల్టర్నేటర్, బ్యాటరీ, బల్బు ఒక్కోటీ మారుస్తూ పోతారు, బిల్లు పెరుగుతుంది, లైటు పెరగదు.

సరిగ్గా కొలిచే పద్ధతి ఇది. ఇంజిన్ ఆన్‌లో, కాస్త రేస్‌లో ఉంచండి. ఏసీ, ఫ్యాన్ ఆపండి. హెడ్‌లైట్ వేయండి. ముందు బ్యాటరీ పోస్టుల మీద చూడండి, మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. తర్వాత హోల్డర్ బల్బుకే ఉండగా, వెనక నుంచి వైరు దూరే సందులో ప్రోబ్ (మీటరు వైరు కొసన ఉండే ముల్లు) పెట్టి లైవ్‌కు, ఎర్త్‌కు మధ్య కొలవండి. ప్రోబ్ లావైతే గుండుసూది దూర్చి దాని మీద పెట్టండి, సూదులు ఒకదానికొకటి తగలనీయకండి. రెండు రీడింగుల తేడా అర వోల్టు లోపుంటే వైరింగ్‌ను తిట్టాల్సిన పని లేదు. వోల్టు దాటితే దొంగ దొరికినట్టే.

ఎక్కడ పోతుందో కూడా మీటరే చెప్తుంది. లైటు వెలుగుతుండగా ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది బల్బు లైవ్ పిన్ను మీద పెడితే కనబడేది ప్లస్ వైపు నష్టం. అలాగే బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కు పెడితే ఎర్త్ వైపు నష్టం. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు. దాటితే అదృష్టవంతులు, చవకలో పోతుంది: ల్యాంపు ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయి మెరిసేదాకా గీకి, వైరు కొసకు కొత్త థింబుల్ (బోల్టు కింద పట్టే రింగు) వేసి బిగించి, పైన కాస్త గ్రీజు పూయండి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ పట్టీలు కూడా అప్పుడే చూడండి. లో బీమ్ వేసినప్పుడు డ్యాష్‌బోర్డులో హై బీమ్ గుర్తుగా ఉండే నీలం దీపం సన్నగా వెలుగుతుంటే మీటరు తీయకముందే ఎర్త్ మీద అనుమానపడవచ్చు. ఎర్త్ దొరకని కరెంటు రెండో ఫిలమెంట్ గుండా దారి వెతుక్కుంటుంది.

నష్టం ప్లస్ వైపైతే స్విచ్ మార్చి మళ్లీ అదే బరువు దాని మీద వేయడం కన్నా రిలే వైరింగ్ వేయడం మేలు. లో బీమ్‌కు ఒకటి, హైకి ఒకటి, రెండు రిలేలు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపే ఫ్యూజ్, అక్కడి నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు రిలే 30కి, 87 నుంచి బల్బుకు (ఈ నంబర్లు రిలే పిన్నులవి). పాత హోల్డర్‌కొచ్చే వైరు 86కు, 85 ఎర్త్‌కు. అంటే పాత వైరు, పాత స్విచ్ ఇక రిలేను పిలవడానికే, వాటి మీద పడేది అర ఆంపియర్ కూడా కాదు. బల్బు ఎర్త్‌ను కూడా అదే మందం వైరుతో బ్యాటరీ మైనస్ దాకా లాగండి. అది పాతదే ఉంచితే పని సగమే అయినట్టు. మొత్తానికి ఒకటే ఫ్యూజ్ వేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అది కాలితే అడవి మధ్యలో రెండు లైట్లూ ఒకేసారి పోతాయి. కుడి ఎడమలకు విడివిడిగా 15 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టించండి.

రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి, వాడుకోవచ్చు. కొనే ముందు వైరు కొస గీకి చూడండి. పైన ఇన్సులేషన్ లావుగా, లోపల నాలుగు పోగులు, అవీ రాగి పూత వేసిన అల్యూమినియం ఉన్న కిట్లు చాలా తిరుగుతున్నాయి. హోల్డర్లు సిరామిక్‌వి అయితే కరగవు. ఒక జాగ్రత్త: కొన్ని జపాన్ డిజైన్ బండ్లలో బల్బు కామన్ పిన్నుకు ఎప్పుడూ ప్లస్ వస్తుంటుంది, స్విచ్ ఎర్త్ వైపు కలుపుతుంది. అలాంటి బండికి మామూలు కిట్ తగిలిస్తే పని చేయదు. టెస్ట్ ల్యాంపుతో ముందే చూసుకోండి. రిలేలను వాన నీళ్లు పడని చోట, పిన్నులు కిందికి ఉండేలా బిగించండి.

ఇది అయ్యాక అదే పాత 60/55 బల్బు పెట్టి చూడండి. చాలామంది కొత్త బల్బు మాట అక్కడే మర్చిపోతారు. ఇంకా కావాలంటే అదే వాట్లలో కొంచెం ఎక్కువ వెలుతురిచ్చే మంచి కంపెనీ హాలోజన్లు ఉన్నాయి, అవి తొందరగా కాలిపోతాయని తెలిసి కొనండి. 100/90 బల్బుల జోలికి మాత్రం పోవద్దు. రోడ్డు మీదికి అనుమతి లేదన్నది ఒక మాట. పాత వైరింగ్ మీద అది ఎక్కువ ఆంపియర్లు లాగి ఎక్కువ వోల్టేజీ పోగొట్టుకుంటుంది, మిగిలిన వేడితో హోల్డర్‌ను కరిగించి రిఫ్లెక్టర్‌ను కాలుస్తుంది.

ఎల్ఈడీ వేశాక తెల్లగా ఉంది, కానీ దూరం కనబడటం లేదు

ఎల్ఈడీ తక్కువ కరెంటు లాగుతుంది, అందుకే పాడైన వైరింగ్ మీద కూడా తెల్లగా వెలిగి సమస్య తీరినట్టు కనబడుతుంది. కానీ పాత రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఉండే చోటును లెక్కగట్టి చేశారు. చిప్ ఆ చోట లేకపోతే వెలుతురు బంపర్ ముందు పోగుపడుతుంది, మిగిలింది ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. డబ్బా మీద రాసిన 20,000 ల్యూమెన్ల లెక్క నమ్మకండి. తడి రోడ్డు మీద, పొగమంచులో ఆ నీలి తెలుపు ఇంకా పనికిరాదు. క్రషర్ల దుమ్ములో తిరిగే బండికి వెనక ఫ్యాన్ కూడా ఎక్కువ కాలం ఉండదు. అయినా పెట్టుకుంటానంటే చిప్‌లు కుడి ఎడమలకు ఉండేలా తిప్పి, గోడ పరీక్షలో అంచు స్పష్టంగా పడితేనే ఉంచండి, లేకపోతే తిరిగి ఇచ్చేయండి. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండి చూపించాల్సినవాళ్లు పాత హాలోజన్లు పారేయకండి.

మిగతావి

ఒక్క లైటే గుడ్డిగా ఉంటే రెండు బల్బులూ అటుదిటు మార్చండి. గుడ్డితనం బల్బుతో పాటు వెళ్తే బల్బు, అక్కడే ఉంటే ఆ వైపు హోల్డర్, ఎర్త్. రేస్ చేస్తేనే లైట్లు పెరుగుతుంటే ఫ్యాన్ బెల్టు, తర్వాత ఆల్టర్నేటర్. ల్యాంపులో నీళ్లు చేరితే వెనక రబ్బరు టోపీ. హైదరాబాద్‌లో తెచ్చిన సెకండ్ హ్యాండ్ ల్యాంపుకు వెలుతురు కుడి వైపు లేస్తుంటే అది కుడి వైపు నడిపే దేశాల బండిది, ఏ స్క్రూ తిప్పినా దారికి రాదు, మార్చేయండి. కాంబినేషన్ స్విచ్ నుంచి కాలిన వాసన వస్తుంటే మాత్రం పైవన్నీ ఆపి, లైట్లు వాడకుండా పగలే ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి.