ఆరు ప్రయత్నాల పరిమితి ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ వందల పాస్‌వర్డ్‌లు అడుగుతోందా?

సమస్య: ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వాడే పాత సర్వర్ లాగ్‌లో ‘పామ్: ఆథెంటికేషన్ ఫెయిల్యూర్’ అన్న వరుసలు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరుతో వందల కొద్దీ కనిపిస్తాయి. పామ్ అంటే సర్వర్‌లో లాగిన్ వివరాలు సరిచూసే వ్యవస్థ. ఒక కనెక్షన్‌లో ఎన్ని ప్రయత్నాలకు అనుమతో చెప్పే మ్యాక్స్‌ఆథ్‌ట్రైస్ సెట్టింగ్ చూస్తే 6 అనే ఉంటుంది. ముందు లాగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) పక్కన చదరపు బ్రాకెట్లలో ఉండే ప్రాసెస్ నంబర్ గమనించండి. అది మారుతూ ఉంటే ఎవరో మళ్లీ మళ్లీ కొత్తగా కనెక్ట్ అవుతున్నారు. అది రోజూ ఉండే గొడవే. ఒకే నంబర్ కింద వందల వైఫల్యాలుంటే మాత్రం పరిమితి పనిచేయడం లేదు.

కారణం: ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 6.9 వెర్షన్ వరకు ఉన్న లోపం. భద్రతా లోపాల జాబితాలో దాని గుర్తింపు సంఖ్య సీవీఈ-2015-5600. సర్వర్ అడిగే ప్రశ్నలకు టైప్ చేసి జవాబిచ్చే కీబోర్డ్-ఇంటరాక్టివ్ పద్ధతిలో, పామ్ లాంటి ఏయే ‘పరికరాల’ ద్వారా ప్రశ్నలు అడగాలో క్లయింటే జాబితా పంపవచ్చు. అందులో ‘పామ్’ అన్న పేరునే కామాలు పెట్టి వేలసార్లు రాస్తే, సర్వర్ అమాయకంగా ఒక్కో పేరుకూ ఒకసారి పాస్‌వర్డ్ అడుగుతుంది. లెక్కలో మాత్రం ఇదంతా ఒకే ప్రయత్నం! చివరికి ఆపేది లాగిన్ పూర్తిచేయడానికి ఇచ్చే గడువు, లాగిన్‌గ్రేస్‌టైమ్ ఒక్కటే. దాని డిఫాల్ట్ విలువ 120 సెకన్లు. బలహీనమైన పాస్‌వర్డ్ దొరకడానికి అది చాలు.

పరిష్కారం: 2015 ఆగస్టులో వచ్చిన 7.0కు గానీ, ఆ తరువాతి వెర్షన్‌కు గానీ మారండి. వెర్షన్ నంబర్ ఒక్కటే చూసి తేల్చేయకండి. చాలా లినక్స్ పంపిణీలు పాత వెర్షన్‌లోనే ప్యాచ్ కలుపుతాయి కాబట్టి ప్యాకేజీ మార్పుల చిట్టాలో ఆ సీవీఈ నంబర్ వెతకండి.

అప్‌డేట్ ఆలస్యమయ్యేచోట చాలామంది సర్వర్ సెట్టింగ్‌లలో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్‌కు ‘నో’ పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. దానివల్ల ఈ దారి మూసుకోదు. కీబోర్డ్-ఇంటరాక్టివ్ వేరే పద్ధతి. పాత వెర్షన్లలో ఛాలెంజ్‌రెస్పాన్స్‌ఆథెంటికేషన్‌కు కూడా ‘నో’ పెట్టాలి. అయితే రెండో దశ కోడ్ పామ్ ద్వారా అడుగుతున్న సర్వర్‌లో ఇలా చేస్తే ఆ కోడ్ అడగడమే ఆగిపోతుంది. అక్కడ లాగిన్‌గ్రేస్‌టైమ్‌ను 30కి తగ్గించి, అప్‌డేట్‌ను త్వరపెట్టడమే మార్గం.

పాస్‌వర్డ్‌కు బదులు వాడే కీ ఫైలుతో లాగిన్ అవుతోందని నిర్ధారించుకున్నాకే సెట్టింగ్ మార్చండి. ఇప్పుడున్న సెషన్ మూయకుండా సర్వీస్ రీస్టార్ట్ చేసి, మరో టెర్మినల్ నుంచి కీ లేకుండా ప్రయత్నించండి. ‘పర్మిషన్ డినైడ్’ పక్కన బ్రాకెట్లలో పబ్లిక్‌కీ కనిపించాలి గానీ, పాస్‌వర్డ్, కీబోర్డ్-ఇంటరాక్టివ్ కనిపించకూడదు. కీబోర్డ్-ఇంటరాక్టివ్ ఇంకా ఉంటే, మీరు మార్చిన వరుస ముందు ఇంకా కామెంట్ గుర్తు (#) ఉందేమో చూడండి.