ఉబుంటులో టెర్మినల్ నుంచి సాఫ్ట్‌వేర్ వేయడం, తీసేయడం ఎలా?

స్టోర్ యాప్ ఉండగా టెర్మినల్‌తో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీతో, పనేంటి అనిపించవచ్చు. స్టోర్‌లో చక్రం తిరుగుతూ ఉంటే లోపల ఏం జరుగుతోందో తెలీదు. టెర్మినల్ అయితే పని ఎక్కడ ఆగిందో రాసి చూపిస్తుంది.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాను. మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. సుడో (ఎస్, యు, డి, ఓ) అంటే అడ్మిన్ అధికారంతో చేయమని, ఆప్ట్ (ఏ, పి, టి) అంటే సాఫ్ట్‌వేర్ వేసి తీసే పనిముట్టు.

1. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే వంకాయరంగు కిటికీ తెరుచుకుంటుంది. ముందుగా ఇది కొట్టండి:

సుడో ఆప్ట్ అప్‌డేట్

పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే తెరమీద చుక్క కూడా పడకపోవచ్చు. కీబోర్డు పాడైందేమో అని కంగారుపడకండి, పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. పేరు అప్‌డేట్ అయినా ఈ కమాండ్ దేన్నీ కొత్త వెర్షన్‌కి మార్చదు, ఏమేం దొరుకుతున్నాయో ఆ జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. మార్చేది 'అప్‌గ్రేడ్'.

2. ఇప్పుడు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేద్దాం:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ

మీరడిగింది ఒక్కటే అయినా దానికి కావలసిన తోడు ప్యాకేజీలన్నీ (ప్యాకేజీ అంటే ఒక సాఫ్ట్‌వేర్ మూట) వరసగా కనిపిస్తాయి. ఎంత డౌన్‌లోడ్ అవుతుందో, డిస్కులో ఎంత చోటు పడుతుందో కూడా చెప్పి, కొనసాగించమంటారా అని అడుగుతుంది. 'వై' కొట్టండి. ప్యాకేజీ పేరు సరిగ్గా తెలియకపోతే 'ఆప్ట్ సెర్చ్' తర్వాత ఒక మాట ఇచ్చి వెతకండి. తెలుగు లోహిత్ ఫాంటునే చూడండి, దాని ప్యాకేజీ పేరు 'ఫాంట్స్-లోహిత్-తెలు'. చివర 'గు' ఉండదు! ఊహించి కొడితే దొరకదు.

లాక్ (ఒకేసారి రెండు ఇన్‌స్టాల్‌లు నడవకుండా ఆపే తాళం) దొరకలేదని ఎర్రర్ వస్తే చాలావరకు వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందన్నమాట. కాసేపాగి మళ్లీ కొట్టండి. లాక్ ఫైలును చెరిపేయమనే సలహాల జోలికి మాత్రం పోకండి.

3. తీసేయడానికి:

సుడో ఆప్ట్ రిమూవ్ వీఎల్‌సీ

సెట్టింగ్స్ ఫైళ్లు మిగిలిపోతాయి. సిస్టమ్‌లో ఉన్నవి కూడా పోవాలంటే 'రిమూవ్' బదులు 'పర్జ్' అనండి. మీ హోమ్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్‌ని పర్జ్ కూడా ముట్టుకోదు. ఇక ఎవరికీ అక్కర్లేని తోడు ప్యాకేజీల్ని 'సుడో ఆప్ట్ ఆటోరిమూవ్' ఊడ్చేస్తుంది.

వేయడంలో తప్పు జరిగితే చాలావరకు చోటు దండగ, అంతే. అసలు జాగ్రత్త పడాల్సింది తీసేటప్పుడే. ఒకసారి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ అనుకుని పైథాన్ 3నే తీసేశాను. తీసేసే జాబితా తెర నిండా వచ్చింది, చదవకుండా ఎంటర్ నొక్కాను. అక్కడ ఎంటర్ నొక్కినా 'వై' కొట్టినట్టే. ఉబుంటులో చాలా భాగాలు పైథాన్ 3 మీదే నడుస్తాయి కాబట్టి దాంతోపాటు డెస్క్‌టాప్ కూడా పోయింది. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెరమీద యూజర్ పేరు అడిగే ఉత్త లాగిన్ ప్రాంప్ట్ మిగిలింది.

అప్పట్నుంచి తీసే ముందు ఒక రిహార్సల్ చేస్తాను. రిమూవ్ తర్వాత ఖాళీ వదిలి, ఒక అడ్డగీత, దానికి ఆనించి చిన్న 'ఎస్':

ఆప్ట్ రిమూవ్ -ఎస్ వీఎల్‌సీ

దీనికి సుడో కూడా అక్కర్లేదు. నిజంగా ఏదీ తీయకుండా ఏమేం పోతాయో చూపిస్తుంది. అందులో డెస్క్‌టాప్ అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగిపోండి.