ఇంట్లో వైన్, 7వ పాఠం: సీసాల్లో నింపడం

పోయిన పాఠంలో తీపి కలపడం చెప్పాక చాలామంది దగ్గర్నుంచి ఒకటే మాట వచ్చింది: సార్బేట్ (ఈస్ట్ పెరగకుండా ఆపే పొడి) వేశాం, చక్కెర కలిపాం, సీసాలకెత్తాం, వారం తిరక్కుండానే కార్కులు పైకి లేస్తున్నాయి. ముందు ఆ సంగతి తేలాలి.

ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ను వదిలి, బయటి గాలిని రానివ్వని మూతలో) బుడగలు ఆగినంత మాత్రాన పులియడం అయిపోయినట్టు కాదు. చలి పెరిగినా ఆగుతాయి, మూత దగ్గర సందున్నా ఆగుతాయి. నమ్మాల్సింది హైడ్రోమీటర్‌నే, అంటే వైన్‌లో తేలుతూ నీటితో పోల్చి దాని సాంద్రత చూపే గాజు పరికరాన్నే. తీపి కలపకముందు రీడింగ్ 0.998కి మించకూడదు, మూడేసి రోజుల ఎడంతో మూడుసార్లు చూసినా కదలకూడదు. చూసేముందు దాన్ని గిర్రున తిప్పండి. ఒంటికి పట్టిన బుడగలు దాన్ని పైకి లేపి రీడింగ్ ఎక్కువ చూపిస్తాయి.

సార్బేట్ ఈస్ట్‌ను చంపదు. కొత్త కణాలు పుట్టకుండా ఆపుతుందంతే, ఉన్న కణాలు చక్కెర తింటూనే ఉంటాయి. అందుకే వైన్ తేటపడి, మడ్డి నుంచి వేరు చేశాకే వేయాలి. లీటరుకు 4 గ్రాముల చక్కెర సీసాలో పులిస్తే ఇంచుమించు ఒక అట్మాస్ఫియర్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఒత్తిడి పుడుతుంది, 12 గ్రాములైతే మూడు. మామూలు వైన్ సీసా అంత ఒత్తిడి కోసం చేసింది కాదు. తీపి కలిపాక రెండు వారాలు ఎయిర్‌లాక్ కిందే ఉంచి, మళ్లీ రీడింగ్ చూసుకోండి. ఇప్పటికే కార్కులు లేస్తున్నవాళ్లు కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, సీసాల మీద గుడ్డ కప్పి ఫ్రిజ్‌లోకి మార్చండి. బాగా చల్లబడ్డాక తెరిచి వైన్‌ను తిరిగి జాడీలో పోయండి.

ఇక నింపడం. 20 లీటర్ల వైన్‌కు 1.7 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ (వైన్ పాడవకుండా కాపాడే పొడి) కలపండి. చెంచా కొలత నాకు నచ్చదు, 0.1 గ్రాము చూపే త్రాసు కొనుక్కోండి. సీసాలు కడగడం మీకు తెలిసిందే. సైఫన్ (జాడీలోంచి వైన్‌ను లాగే గొట్టం) మూతి మడ్డికి తగలనివ్వకండి. ఫిల్లర్ (సీసాలోకి దింపి నింపే గొట్టం) కొన మాత్రం సీసా అడుగుకు ఆనాలి. పైనుంచి ధారగా పోస్తే గాలి కలిసి రంగు గోధుమకు తిరుగుతుంది, వాసన చచ్చిపోతుంది.

కార్క్ అడుగుకూ వైన్‌కూ మధ్య 15 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. తక్కువైతే లోపలి గాలి నొక్కుకుపోయి కార్క్‌ను వెనక్కి తోస్తుంది. కార్క్ 9వ నంబరుదే తీసుకోండి. 24 మిల్లీమీటర్ల కార్క్‌ను 18.5 మిల్లీమీటర్ల మెడలోకి దించాలంటే కార్కింగ్ యంత్రం తప్పదు, నిలబెట్టి వాడేదైతే మేలు. 8వ నంబరు తేలిగ్గా దిగుతుంది, అంతే తేలిగ్గా కారుతుంది. కార్కులను ఉడకబెట్టకండి, పొడిపొడిగా రాలతాయి. బిగించాక మూడు రోజులు నిలబెట్టి, తర్వాత పడుకోబెట్టండి.

అభ్యాసం: ఆరు సీసాల్లో నీళ్లు నింపి కార్కులు బిగించండి. ఖాళీని స్కేలుతో కొలిచి, రాత్రంతా కాగితం మీద తలకిందులుగా ఉంచండి. ఆరింటిలో ఒక్కటి చెమ్మగిల్లినా యంత్రం లోతు సరిచేసుకుని, కొత్త కార్కులతో మళ్లీ ఆరూ చేయండి. వైన్ జోలికి ఆ తర్వాతే.