ఏ గిన్నె కొనాలి, కొన్నది ఎలా కాపాడుకోవాలి

కొత్తగా వంటిల్లు సర్దుకునేవాళ్లు ముందుగా చేసే పొరపాటు పది, పన్నెండు పాత్రల సెట్టు కొనేయడం. అట్టపెట్టె మీద బొమ్మ చూస్తే భలే ఉంటుంది, కానీ ఆరు నెలలు పోయాక చూసుకుంటే రోజూ పొయ్యెక్కేవి మూడో నాలుగో, మిగతావన్నీ అలమరలో ఒకదాంట్లో ఒకటి దూరి గీతలు పడుతూ కూర్చుంటాయి. కొనేముందు ఒక వారం మీరేం వండుతున్నారో గమనించుకోండి, ఉడికించేవి ఎక్కువా, వేయించేవా, పెనం మీద కాల్చేవా అని. నా లెక్కలో అడుగు మందంగా ఉన్న ఒక స్టీల్ గిన్నె, ఒక ఇనుప పెనం, చిన్న నాన్‌స్టిక్ పాన్ ఒకటి, ఒక కుక్కర్ ఉంటే చాలామందికి సరిపోతుంది. ఆ పైన కావాలనిపిస్తే ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు.

ఒకే రకం పాత్రతో అన్ని పనులూ ఎందుకు కావంటే, ఒక్కో లోహం వేడిని ఒక్కోలా పాకిస్తుంది. రాగి, అల్యూమినియం అయితే మంట ఒక మూల తగిలినా చకచకా అంతటికీ పంచేస్తాయి. స్టీల్‌కి ఆ గుణం చాలా తక్కువ, అల్యూమినియంలో పదో వంతు కూడా లేదు. పల్చటి స్టీల్ గిన్నెలో నడిమధ్య మాడిపోయి అంచుల్లో పచ్చిగా మిగిలేది అందుకే, మీ వంటలో తప్పు కాదు. అందుకే రెండు స్టీల్ రేకుల మధ్య అల్యూమినియం పెట్టి అతికించిన ట్రైప్లై పాత్రలు వచ్చాయి. అడుగున మాత్రమే మందంగా బిళ్ల వేసినవి కూడా ఉంటాయి, నీళ్లూ పులుసులూ మరిగించడానికి అవి చాలు, వేయించడానికి మాత్రం ట్రైప్లై మేలు. 18/8 అని ముద్ర ఉంటే అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ అని అర్థం. తుప్పు పట్టకుండా ఆపేది ఆ క్రోమియమే. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు కొట్టుకి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లండి, గిన్నె అడుగుకి గట్టిగా అంటుకుంటేనే కొనండి.

స్టీల్ పాన్‌లో అన్నీ అంటుకుపోతున్నాయని చాలామంది విసిగిపోతారు. చాలాసార్లు అసలు సంగతి పాన్ సరిగ్గా కాగకముందే మనం తొందరపడటం. ఖాళీ పాన్‌ని మధ్యస్థం మంట మీద పెట్టి రెండు నిమిషాలు ఆగి, ఒక్క నీటిచుక్క వేయండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా టైముంది. చుక్క గుండ్రంగా ముడుచుకుని పాదరసంలా అటూఇటూ పరుగెడితే పాన్ సిద్ధం, చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకెత్తి పట్టుకుంటుందన్నమాట. అప్పుడు మంట తగ్గించి, నూనె వేసి, అర నిమిషం ఆగి వేయాల్సింది వేయండి. వేశాక కదపకండి. అడుగు ఎర్రబడ్డాక చాలావరకు అదే వదులుతుంది, అంతకుముందే అట్లకాడతో గీకితేనే ఊడి ముక్కలవుతుంది.

ఉప్పు విషయం ఒకటి. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే అది అడుగున పేరుకుని స్టీల్ మీద సూదిమొనలాంటి గుంటలు పడతాయి, అవి మళ్లీ పోవు. నీళ్లు మరిగాకే వేసి కలపండి. బ్లీచింగ్ పొడి దగ్గరికి రానివ్వకండి, అదీ ఇదే పని చేస్తుంది. అడుగు మాడితే పీచుతో కుస్తీ పట్టడం మానేసి, మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరగనిచ్చి చూడండి, చెక్క గరిటెతో గీరితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. తెల్లటి మరకలకీ, ఇంద్రధనుస్సు రంగుల మరకలకీ కాస్త వెనిగర్ రుద్దితే చాలు.

ఇక ఇనుము. నా మొదటి పోత ఇనుము పెనాన్ని నేనే పాడుచేసుకున్నాను, రాత్రి సబ్బునీళ్లలో నానబెట్టి హాయిగా పడుకున్నా, పొద్దున చూస్తే పెనమంతా నారింజరంగు పొడి. మీకూ అలా అయితే పారేయకండి, తుప్పు పట్టిన పెనం చచ్చిపోయినట్టు కాదు. స్టీల్ పీచుతో బూడిదరంగు లోహం కనబడేదాకా తోమి, కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఇగిరిపోయేలా పొయ్యి మీద కాసేపు వేడి చేయండి. వేడిగా ఉండగానే పిడితో సహా అంతటా పల్చగా వంటనూనె రాయండి. రాశాక, అయ్యో పొరపాటున రాశానే అన్నంత గట్టిగా పొడిగుడ్డతో తుడిచేయండి. ఈ తుడవడంలోనే ఉంది కిటుకంతా. ఓవెన్ ఉంటే బోర్లించి 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచి, లోపలే చల్లారనివ్వండి. ఓవెన్ లేకపోతే కిటికీలు తీసి, పొయ్యి మీదే సన్నగా పొగ ఆగేదాకా కాల్చండి. ఇలా మూడు నాలుగుసార్లు. ఆ వేడికి నూనె గట్టిపడి లోహాన్ని పట్టుకునే నల్లటి పొరగా మారుతుంది, దాన్నే సీజనింగ్ అంటారు. నేను తుడవడానికి బద్ధకించి నూనె దండిగా రాసినప్పుడు పెనం బంకబంకగా తయారై, మళ్లీ మొదటి నుంచి తోముకోవాల్సి వచ్చింది.

ఇనుప పెనానికి సబ్బు తగలకూడదనే మాట పాతకాలపు క్షారం ఎక్కువున్న సబ్బులకి సరిపోతుందేమో గానీ, ఇప్పటి డిష్‌వాష్ ద్రవం ఒక చుక్క వేసి త్వరగా కడిగితే ఏమీ కాదు. నానబెట్టడం, తడిగా వదిలేయడం, ఈ రెండే దాని శత్రువులు. కడిగాక ఒక నిమిషం మంట మీద పెట్టి, ఒక్క చుక్క నూనె పూసి పెట్టేయండి. టమాటా, నిమ్మరసం లాంటి పుల్లటివి గంటలకొద్దీ మగ్గించడానికి మాత్రం ఇనుము వద్దు, పొర పోతుంది, వంటకి లోహం రుచి వస్తుంది.

నాన్‌స్టిక్ గురించి భయాలు, ధీమాలు రెండూ ఎక్కువే. ఆ పూత పేరు పీటీఎఫ్ఈ, 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా దొరికింది. మామూలు వంట వేడికి అది స్థిరంగానే ఉంటుంది. 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది, ఖాళీ పాన్‌ని పెద్ద మంట మీద వదిలి ఫోన్లో పడ్డారంటే ఆ వేడి కొద్ది నిమిషాల్లోనే వచ్చేస్తుంది. అలా మాడిన పూత పొగకి ఇంట్లో పెంచుకునే పక్షులు చచ్చిపోయిన సందర్భాలున్నాయి. కాబట్టి సన్న మంట లేదా మధ్యస్థం మంట, చెక్క గరిటె లేదా సిలికాన్ గరిటె, పాన్ పూర్తిగా చల్లారాకే నీళ్లు. వేడి పాన్ కుళాయి కింద పెడితే అడుగు వంకరపోతుంది, ఇక అది పొయ్యి మీద తిన్నగా కూర్చోదు. డబ్బా మీద 'పీఎఫ్‌ఓఏ ఫ్రీ' అని చూసి పూతే వేరనుకోకండి, ఆ పదార్థం పూత తయారీలో వాడేది, అది లేకపోయినా పూత పీటీఎఫ్ఈ అయ్యుండొచ్చు. పూత పెచ్చులూడితే మొహమాటపడకుండా మార్చేయండి. నాన్‌స్టిక్ జీవితాంతం వచ్చే వస్తువు కాదు, అందుకే దాని మీద పెద్దగా డబ్బు పెట్టొద్దంటాను. సిరామిక్ పూతలో పీటీఎఫ్ఈ ఉండదు గానీ, దాని నునుపు ఇంకా త్వరగా పోతుంది.

రాగి, ఇత్తడి పాత్రల్లో వండాలంటే లోపల తగరం పూత, అంటే కళాయి, చెక్కుచెదరకుండా ఉండాలి. లేకపోతే పుల్లటివాటిలోకి రాగి దిగి వాంతులు పట్టుకోవచ్చు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీగా పొయ్యెక్కించకండి. లోపల రాగిరంగు కనబడితే మళ్లీ కళాయి పెట్టించేదాకా వాడకండి. మట్టికుండని మొదటిసారి వాడేముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టండి, మంట సన్నగా మొదలుపెట్టి మెల్లగా పెంచండి, వేడి కుండని తడి గట్టు మీద దించితే టప్‌మని పగులుతుంది. పూత లేని మట్టి సబ్బుని పీల్చేసుకుంటుంది, వేడినీళ్లు, పీచు చాలు. మామూలు అల్యూమినియంలో పులుపు వండకండి, పైపొరని ప్రత్యేకంగా గట్టిపరిచిన హార్డ్ యానోడైజ్డ్ రకానికి ఆ బెంగ తక్కువ.

కుక్కర్‌లో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. వెయిట్ కూర్చునే గొట్టాన్ని ప్రతిసారీ వెలుతురుకి ఎత్తి చూడండి, అవతలి వైపు కనబడాలి. మూడింట రెండొంతులకి మించి నింపకండి, నురగొచ్చే పప్పులూ గింజలూ అయితే సగమే. రబ్బరు గాస్కెట్ తీసి విడిగా కడిగి, ఆరబెట్టి, వేళ్లతో కొంచెం సాగదీసి చూడండి, బిరుసెక్కినా సన్నగా చీలికలు కనబడినా కొత్తది వేయండి. మూత బిగించి దాచిపెడితే వాసన పట్టేస్తుంది, బోర్లించి పైన పెట్టండి చాలు.