క్యాసెట్ పాట మీద వాదన పెట్టుకునే ముందు

ఒక పాత సినిమా పాటకు మూడో చరణం ఉందని పాలకొల్లులో ఒకరంటారు, లేదని అమలాపురంలో ఇంకొకరంటారు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. అంతకన్నా పెద్ద పాటను కత్తిరించాలి, లేదంటే రెండు వైపులకూ పంచాలి. సినిమాలో నిడివి కోసం ఒక చరణం ఎగిరిపోవడమూ మామూలే. క్యాసెట్లోకి వీటిలో ఏది ఎక్కితే ఆ ఇంట్లోవాళ్లకు అదే అసలు పాట. కాబట్టి ఏ పాట గొప్పదో తేల్చుకునే ముందు అందరూ ఒకే పాటను, సరైన వేగంలో, ఒకే సౌండులో వినాలి. అటక మీది క్యాసెట్‌ను అందుకు ఎలా సిద్ధం చేయాలో చూద్దాం.

గోదావరి జిల్లాల్లో క్యాసెట్‌కు మొదటి శత్రువు చెమ్మ. కాలవ గట్టు మీదా, చెరువుల పక్కనా ఉన్న ఇళ్లలో వానాకాలం గోడలే చెమ్మగిల్లుతాయి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. అంచు నున్నగా మెరుస్తుంటే ఫరవాలేదు. తెల్లటి పొడి మచ్చలు కనిపిస్తే అది బూజు. దాన్ని అలాగే ఆడిస్తే బూజు టేప్ రికార్డర్లో పాటను చదివే హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది. అలాంటివి పక్కన పెట్టి అన్నిటికన్నా ఆఖర్న పని పట్టండి. ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ వంకరపోతుంది. బియ్యం డబ్బాలో పెడితే తవుడు దుమ్ము లోపలికి పోతుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో పది క్యాసెట్లకు 100 గ్రాముల చొప్పున చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసి మూడు రోజులు మూసి ఉంచండి. ఆ తర్వాత ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట, నూగు రాలని మెత్తటి బట్టను టేపుకు తేలిగ్గా ఆనించి, చేత్తో చుట్టుకుంటూ తుడవాలి. చుట్టడానికి ఆరు పలకల పెన్సిల్ సరిపోతుంది.

టేపుకు వెనక చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, టేపును హెడ్‌కు ఆనించి పట్టేది అదే. జిగురు ఎండి అది రాలిపోతే పాట ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తుంది. పనికిరాని క్యాసెట్ నుంచి ఆ ముక్కను పట్టీతో సహా తీసి ఇందులో పెట్టండి. క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు.

టేప్ రికార్డర్ సంగతి. హెడ్, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీ, రబ్బరు రోలర్, ఈ మూడింటినీ దూది పుల్లతో తుడవాలి. మొదటి రెండింటికీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. రబ్బరుకు మాత్రం తడిపి పిండిన గుడ్డే మేలు, తుడిచాక బాగా ఆరనివ్వాలి. పుల్లకు గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. రోలర్ గట్టిపడి మెరుస్తుంటే టేపును నమిలేస్తుంది, మార్చక తప్పదు.

ఇక అందరూ వదిలేసే పని ఒకటుంది. హెడ్ పక్కన స్ప్రింగు మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్ వాలును సరిచేసేది అదే. క్యాసెట్‌ను రికార్డు చేసిన మిషన్ హెడ్ వాలూ, మీ మిషన్ హెడ్ వాలూ కలవకపోతే పాట దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. గాయని పల్లవిలో ‘స’, ‘ష’ పలికే చోటు పట్టుకోండి. అది మెత్తగా ‘హ’లా జారుతుంటే, పాట మోగుతుండగానే స్క్రూను ఇటూ అటూ నూలువాసి తిప్పుతూ వినండి. పావు చుట్టు దాటనివ్వకండి. ‘స’ పదునెక్కి, తాళాల చప్పుడు విడివిడిగా తేలిన చోట ఆపాలి. ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చేయాల్సిందే. తర్వాత కంప్యూటర్లో ఎంత ట్రెబుల్ పెంచినా ఇక్కడ పోయింది తిరిగి రాదు.

కంప్యూటర్‌కు కలిపేటప్పుడు మైక్ పిన్‌లో గుచ్చకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మోనో, పైగా సౌండు పగిలిపోతుంది. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. వెనక ‘హుం’ అని సన్నటి మోత వస్తే అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ చప్పుడు. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, చాలావరకు పోతుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి అది చాలు. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టి, పాటలో అన్నిటికన్నా గట్టి చోటు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా లెవెల్ చూసుకోండి. సీ60 క్యాసెట్ ఒక వైపు అరగంట. రెండు వైపులూ కలిపి వేవ్ ఫైలు 635 ఎంబీ దాకా వస్తుంది. రికార్డయ్యాక ఫ్లాక్ (FLAC) అనే ఫార్మాట్‌లోకి మార్చుకుంటే ఇంచుమించు సగం చోటు చాలు, నాణ్యత ఏమీ తగ్గదు.

ఇప్పుడు శ్రుతి. బెల్టు సాగిన మిషన్ నెమ్మదిస్తుంది, మోటారు సరిగా కట్టనిది పరుగెడుతుంది. ఒకటిన్నర శ్రుతి పాట మీ దగ్గర రెండులో వినిపిస్తోందంటే వేగం దాదాపు 6 శాతం ఎక్కువ. ఆ తేడాతో ఏ గొంతైనా సన్నగా, పడుచుగా మారిపోతుంది. ‘అప్పట్లో ఆయన గొంతు వేరు’ అనే వాదనలు కొన్ని ఇక్కడే పుడతాయి. ఆడియో కంపెనీ నెట్లో అధికారికంగా పెట్టిన పాట ఉంటే దానితోనూ, తంబురా యాప్‌తోనూ పోల్చి చూడండి. దించాలంటే వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్టులో మైనస్ 5.6 శాతం ఇవ్వండి. శ్రుతి ఒక్కటే మార్చే ఎఫెక్టు వద్దు, దాంతో నడక తప్పుగానే మిగులుతుంది.

బుస్సుమనే చప్పుడును పూర్తిగా చంపాలని చూడకండి. పాటల మధ్య ఖాళీలో రెండు సెకన్లు ఎంచుకుని, నాయిస్ రిడక్షన్ ఎఫెక్టుకు ఆ చప్పుడును నమూనాగా చూపించి, మొత్తం మీద 6 డెసిబెల్ తగ్గించండి, చాలు. 12 దాటిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడగలు పోతుంది, వేణువులో ఊపిరి మాయమవుతుంది.

పోల్చబోయే పాటలన్నిటికీ, సౌండును సమానం చేసే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఎఫెక్టులో ఒకే అంకె, మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సౌండు గట్టిదనానికి కొలత), ఇవ్వండి. కాస్త గట్టిగా మోగే పాటే చెవికి మెరుగ్గా తోస్తుంది. ఇది ఎవరి చెవికైనా ఉండే బలహీనతే. సౌండు సమానం చేయకుండా రెండు పాటలను పోటీకి పెట్టడం అన్యాయం.

ఫైలు పేరులో సినిమా, సంవత్సరం, సంగీతం, రచన, గాయకులు, క్యాసెట్ ఏ వైపు అనేవి రాయండి. అట్ట మీద ఉన్నదే వేదం కాదు. ఎ సైడు ఒక సినిమా, బి సైడు ఇంకో సినిమా ఉన్న క్యాసెట్లలో పేర్లు కలిసిపోతుంటాయి. క్యాసెట్ వచ్చిన ఏడాది వేరు, సినిమా విడుదలైన ఏడాది వేరు. రేడియోలో వచ్చిన భక్తిరంజనిని ఇంట్లో పట్టుకున్నదైతే ఆ ముక్క కూడా రాయాలి. పాట మొదలయ్యే ప్రతి చోటా కంట్రోల్, బి నొక్కి గుర్తు పెట్టుకుంటే తర్వాత విడివిడి ఫైళ్లుగా ఒకేసారి తీసుకోవచ్చు.

కంపెనీ పెట్టిన పాట నెట్లో ఉంటే లింకే పంపండి. హక్కులు వాళ్లవి. మీ క్యాసెట్ కాపీ ఇంట్లో కూర్చుని వినడానికే ఉంచుకోండి. మీ ఇంట్లోవాళ్లు పాడి పట్టుకున్న పాటలైతే వాట్సాప్‌లో ఆడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

వినేటప్పుడు మొదట ఆల్బమ్ మొత్తం వరసగా, మధ్యలో మాట్లాడుకోకుండా వినాలి. రెండోసారి ఒక్క ప్రశ్నే పెట్టుకోండి: బాణీయా, సాహిత్యమా, గొంతా, వాద్యాలా. నాలుగూ కలిపితే ఎవరూ ఎవరి మాటకూ జవాబు చెప్పరు. ‘ఆ పాట అద్భుతం’ అన్నంత మాత్రాన అవతలివాళ్లు పట్టుకోవడానికేమీ ఉండదు. ‘2 నిమిషాల 10 సెకన్ల దగ్గర, రెండో చరణం ముందు వయొలిన్లు పైకెళ్తుంటే తబలా ఆగిపోతుంది, అక్కడ వినండి’ అంటే వాళ్లూ అక్కడికే వెళ్లి, కాదనడానికైనా వింటారు. అందరూ ఒకే ఫైలునో, ఒకే లింకునో వింటేనే ఆ సెకన్లు కలుస్తాయి.